1936ను కలిసి చదువుదాము

(పుదుచ్చేరి పట్టణము సారంలో తెలుగు కార్మికుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము సారంలో సమావేశమైన మనలో యానాం నుండి ఉద్యోగరీత్యా వచ్చినవారున్నారు. తరాలుగా ఇక్కడనే స్థిరపడి ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుకొనేవారున్నారు. కట్టడపు పనుల కొరకు నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుండి వచ్చినవారున్నారు. మనము నేడు కలుసుకొన్నది వేతన సవరణ గురించి కాదు, బోనసు గురించి కాదు. పుస్తకాలు చదవడము గురించి. నెలల తరబడి జీతాలు అందని మిత్రులు మన మధ్య ఉండగా సంఘ సమావేశంలో ఈ ప్రస్తావన ఏమిటని కొందరు ముందుగానే అడిగియున్నారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నది.

ముందుగా విషయమేమిటో చెప్పెదము. 2015 అక్టోబరు నుండి ఇంగ్లండులో కొందరు పాఠకులు ఒక పద్ధతిని నడుపుతున్నారు. ఏడాదికి రెండు మార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఏదో ఒక గత సంవత్సరాన్ని ఎన్నుకొంటారు. ఆ సంవత్సరంలో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలలో ఎవరికి దొరికినది వారు, ఎవరికి నచ్చినది వారు ఒక వారములోగా చదివి, తమకు తోచినదంతా ఇంటర్నెట్టు ద్వారా ఒకరికొకరు తెలుపుకొంటారు. దేశదేశాల నుండి పాఠకులు ఇందులో చేరుతున్నారు. చందా లేదు, పరీక్ష లేదు, పాఠ్యప్రణాళిక లేదు. మొదటిసారి వారు 1924ను ఎన్నుకొన్నారు. 2021 ఏప్రిల్‌లో 1936ను, 2022 ఏప్రిల్‌లో 1954ను ఎన్నుకొన్నారు.

ఈ రెండు సంవత్సరాలను వారు పుదుచ్చేరిని తలచుకొని ఎన్నుకొన్నారని ఎవరూ అనలేరు. కాని ఆ అంకెలు వినగానే ఈ ఊరి కార్మికుడు తల ఎత్తి చూడవలసినదే. 1954లో యానాం జూన్ 13న, తక్కిన ప్రాంతాలు నవంబరు 1 నాటికి, ఫ్రెంచి పాలన నుండి బయటపడినవి. 1936 జూలై 30న ఇక్కడి సవనా మిల్లు వద్ద సమ్మె కార్మికులపై కాల్పులు జరిగి పన్నెండు మంది నేలకొరిగినారు. ఏటా ఆ రోజున మనము పూలమాలలు వేస్తున్నాము, ప్రసంగాలు చేస్తున్నాము. మరునాటికి ఆ సంవత్సరము మళ్ళీ ఒక అంకెగా మిగిలిపోతున్నది.

మేము కోరుతున్నదేమంటే, ఈ ఏడు జూలై 30తో ముగిసే వారమంతా మనము 1936ను కలిసి చదువుదామని. ఎవరి ఇంటిలో వారు, ఎవరి పనిచోట వారు ఉండి చదివి, రాత్రి ఫోను మీద ఒక చోట చేరి మాట్లాడుకొందామని. యానాంలో ఉన్నవారు, సారంలో ఉన్నవారు, గల్ఫుకు వెళ్ళిన మనవారు ఒకే సంభాషణలో కూర్చొనగలిగే సాధనము నేడు ప్రతివాని జేబులోనూ ఉన్నది. దానిని ఇంతకన్న పనికిమాలిన పనులకు చాలా వాడుతున్నాము.

ఒక రచయితను చదవడము మనకు అలవాటే. ఒక విషయము మీద చదవడమూ అలవాటే. ఒక సంవత్సరాన్ని చదవడములో విశేషమేమిటి? మిల్లులో పనిచేసినవారికి ఇది తేలికగా తెలుస్తుంది. దూది విభాగములో ఉన్నవాడు నేత విభాగములోకి అడుగుపెట్టకుండానే ముప్పది ఏండ్లు గడపవచ్చు. అందరూ భోజనవేళ ఒక చోట చేరి తమ తమ విభాగము సంగతులు చెప్పుకొన్నప్పుడే మొత్తము మిల్లు వారి కంటికి ఆనుతుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకము చదివి తెచ్చినప్పుడు ఆ సంవత్సరము కూడా అట్లే కంటికి ఆనుతుంది. అందరమూ ఒకే పుస్తకము చదివితే ఈ లాభము లేదు. పెద్దలు నిర్ణయించిన జాబితాను కిందివారు అప్పజెప్పడము అసలే కాదు.

1936లో ఏమేమి వెలువడినవో కొంచెము చూడండి.

ఆ ఏడు జూన్‌లో ప్రేమ్‌చంద్ హిందీ నవల ‘గోదాన్’ వెలువడినది. తెలుగులో ‘గోదానం’గా దొరుకుతుంది. ఒక ఆవును కొనుక్కోవాలన్న కోరిక తప్ప మరొకటి లేని హోరీ అనే రైతు, అప్పులలో కూరుకుపోయి, చివరకు రోడ్డు పనిలో కూలీగా ప్రాణము విడుస్తాడు. దీనిని రైతు నవల అని అందరూ అంటారు. కాని అందులో చక్కెర మిల్లు ఒకటున్నదని, హోరీ కొడుకు గోబర్ లక్నో చేరి ఆ మిల్లులో పనిచేస్తాడని, చక్కెర మీద పన్ను పడినదన్న సాకుతో యజమాని కూలీ తగ్గించగా సమ్మె జరుగుతుందని, ఆ గొడవలో గోబర్ తీవ్రముగా గాయపడతాడని మనవారిలో ఎందరికి తెలుసు? సవనా మిల్లు కాల్పులకు కొద్ది వారాల ముందు అచ్చయిన పుస్తకమిది. రచయిత కాశీలో ఉన్నాడు, కార్మికులు పుదుచ్చేరిలో ఉన్నారు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినను పన్ను పడితే, ధర పడితే ఆ భారము ఎవరి కూలీ మీదకు దిగుతుందో ఇద్దరికీ తెలుసు. ఇటువంటి పొరుగుతనమును కనుగొనుటకే సంవత్సరాన్ని చదవాలని మేమంటున్నాము.

అదే ఏడు ముల్క్ రాజ్ ఆనంద్ ‘కూలీ’ అనే నవలను ఆంగ్లములో ప్రచురించినాడు. కాంగ్‌డా కొండల నుండి వచ్చిన మున్నూ అనే బాలుడు ఒక బ్యాంకు గుమాస్తా ఇంట పనివాడుగా, పచ్చళ్ళ కార్ఖానాలో కూలీగా, బొంబాయి నూలు మిల్లులో కార్మికుడుగా, సిమ్లాలో రిక్షా లాగేవాడుగా బతికి, క్షయతో మరణిస్తాడు. బొంబాయి భాగము మన సంఘ కార్యకర్తలు ప్రత్యేకముగా చదవవలసినది. అక్కడ కార్మికులు సమ్మెకు సిద్ధమగుచున్న వేళ, ఒక హిందూ బిడ్డను ఎత్తుకుపోయినారన్న పుకారు పుడుతుంది. సమ్మె సభ కాస్తా మత కలహముగా మారిపోతుంది. పుకారు నేడు ఫోనులో వస్తున్నది. తేడా అంతే.

డాక్టర్ అంబేద్కర్ ‘కులనిర్మూలన’ కూడా ఆ ఏటిదే. లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండల్ వారి మహాసభకు అధ్యక్షోపన్యాసముగా దానిని సిద్ధము చేసినారు. పాఠము చూసిన నిర్వాహకులు సభనే రద్దు చేసుకొన్నారు. పలకనివ్వని ఉపన్యాసాన్ని అంబేద్కర్ మే నెలలో తన ఖర్చుతో అచ్చు వేయించినారు. ఆగస్టులో స్వతంత్ర కార్మిక పార్టీని స్థాపించినారు. కులము పనిని విభజించడముతో ఆగక పనిచేసేవారినే మెట్లు మెట్లుగా విడదీస్తున్నదన్న ఆయన వాదన ఏ కార్మిక సంఘమునకైనా చురుక్కుమనిపించేదే. మన సంఘాలలో పారిశుధ్య కార్మికుల సమస్య ఎజెండాలో ఎన్నవ అంశముగా వస్తున్నదో జ్ఞాపకము తెచ్చుకొని ఆ పుస్తకము తెరవండి.

నెహ్రూ జైలులో వ్రాసిన ఆత్మకథ 1936లో లండనులో వెలువడినది. నిరుద్యోగము ఎందుకు వస్తుందో కొత్తగా వివరించిన కీన్స్ ఆర్థిక గ్రంథము ఆ ఫిబ్రవరిలో వచ్చినది. కళాశాల చదువున్న మిత్రులెవరైనా తీసుకొని మనకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే సంతోషము, లేకున్నా బాధ లేదు. చదువు రానివారు, కళ్ళు సహకరించని వృద్ధులు చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ చిత్రము చూడవచ్చును. అదీ ఆ ఏటిదే. మర బిగింపు పనిచేసి చేసి చేతులు ఆగని ఆ కార్మికుని చూచుటకు ఏ భాషా అక్కరలేదు. పుస్తకాల వారములో సినిమా ఏమిటని పండితులు అభ్యంతరము చెప్పవచ్చును. చెప్పనీయండి.

ఆ ఏప్రిల్‌లో లక్నోలో ఒకే వారములో కాంగ్రెసు మహాసభ జరిగినది, ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగినది, స్వామి సహజానంద్ అధ్యక్షుడుగా, మన ఎన్.జి. రంగా కార్యదర్శిగా అఖిల భారత కిసాన్ సభ పుట్టినది. ఫ్రాన్సులో లియోఁ బ్లూమ్ నాయకత్వాన ప్రజా సంఘటన ప్రభుత్వము ఏర్పడి, దేశమంతటా సమ్మెలు సాగుచుండగా జూన్ 7న మాతిన్యోఁ ఒప్పందము కుదిరినది. ఆ నెలలోనే వారానికి నలభై గంటల పని, జీతముతో కూడిన రెండు వారాల సెలవు చట్టములైనవి. అదే జెండా ఎగురుతున్న పుదుచ్చేరి మిల్లులకు మాత్రము ఆ చట్టాలు ఓడ ఎక్కి రాలేదు. మన కార్మికులు అడిగినది ఎనిమిది గంటల పని, సంఘము పెట్టుకొనే హక్కు. జూలై 30న దొరికినది తుపాకి గుండు. ఆ తరువాత వి. సుబ్బయ్య ఫ్రాన్సుకు వెళ్ళి అక్కడి ప్రభుత్వము ముందు వాదించినారు. 1937లో ఫ్రెంచి ఇండియాకు కార్మిక శాసనము వచ్చి ఎనిమిది గంటల పనిదినము అమలులోకి వచ్చినది. అప్పటికి సరిహద్దు అవతల బ్రిటిష్ ఇండియాలో 1934 ఫ్యాక్టరీల చట్టము రోజుకు పది గంటలు, వారానికి ఏబది నాలుగు గంటలు పని చేయించుకొనుటకు అనుమతిస్తూనే ఉన్నది.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు మాటకు వచ్చినాము. ఆ ఏడు వెలువడిన పుస్తకాలలో లక్నో మిల్లు ఉన్నది, బొంబాయి మిల్లు ఉన్నది. సవనా మిల్లు లేదు. సంవత్సరాన్ని చదివినప్పుడు ఉన్నదంతా కనపడినట్లే, లేనిదీ కనపడుతుంది. ఆ పన్నెండు మందిలో ఎవరూ నవల వ్రాయలేదు, ఎవరి ఆత్మకథా లండనులో అచ్చు కాలేదు. వారి గురించి తెలుసుకోవలెనంటే సుబ్బయ్య 1934లో ప్రారంభించిన ‘సుదందిరం’ పత్రిక వైపు, నాటి సర్కారు ఉత్తర్వుల వైపు, అన్నిటికంటె ముఖ్యముగా ఈ ఊరి ముసలివారి జ్ఞాపకాల వైపు చూడవలెను. కావున మన వారములో ‘పుస్తకము’ అను మాటకు అర్థము కొంత విస్తరించుకొందాము. కరపత్రము, పత్రిక, శాసనము, తాత చెప్పగా మనుమడు విన్న మాట, ఇవన్నియు లెక్కలోనివే. ఇంగ్లండు పాఠకుల పద్ధతిని మనము తీసుకొంటున్నాము గాని, అచ్చయినదే పుస్తకమన్న హద్దును తీసుకొనవలసిన పని లేదు. రోడియర్ మిల్లుగా పేరుబడిన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ కూడ 2020 ఏప్రిల్ 30తో మూతపడినది. మిల్లులు ఉన్నంతకాలము గేటు దగ్గర ఒకరి నుండి ఒకరికి అందిన కథలకు ఇప్పుడు గేటే లేదు. మిల్లు కార్మికుల పిల్లలు, మనుమలు మనలో ఎవరైనా ఉంటే, ఇంటి పెద్దలు చెప్పినది ఫోనులో వారి గొంతుతోనే పట్టి ఉంచండి. రాగల ఏండ్లలో ఇది చేయలేము.

చదవడము రాని కార్మికుని సంగతి ఏమిటని అడుగుతారు. దీనికి జవాబు కార్మికవర్గమే ఎప్పుడో చెప్పియున్నది. క్యూబాలో హవానా చుట్టల కార్ఖానాలలో 1865 నుండి ఒక ఆచారము ఉన్నది. కార్మికులు చుట్టలు చుట్టుచుండగా ఎత్తైన పీఠము మీద ఒకడు కూర్చొని పత్రికలు, నవలలు బిగ్గరగా చదివేవాడు. వానికి జీతము కార్మికులే తమ కూలీలో నుండి ఇచ్చుకొనేవారు. ఏ పుస్తకము చదవవలెనో వారే నిర్ణయించేవారు. మరుసటి యేడే స్పెయిను పాలకులు దానిని నిషేధించినారు, చదువు వలన ఏమి జరుగుతుందో పాలకులకు ముందే తెలుస్తుంది కదా! అయినా ఆచారము నిలిచినది. అంత దూరము పోనక్కరలేదు. మన పుదుచ్చేరిలో భాగమైన మాహేకు దగ్గరనే ఉన్న కన్ననూరు బీడీ కార్మికులు, ఒకడు పత్రిక చదువుచుండగా వాని వంతు బీడీలను తక్కినవారు చుట్టిపెట్టేవారు. కన్ననూరు ప్రాంతపు కార్మికోద్యమ చైతన్యాన్ని గురించి వ్రాసినవారందరూ ఈ చదువరిని పేర్కొంటారు. మన కృష్ణా ప్రాంతములో 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయము నడిపినారు. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేనప్పుడు పుస్తకమే అతని వద్దకు బయలుదేరినది. పడవకు బదులు నేడు ఫోను ఉన్నది. రాత్రి కాపలా ఉన్న మిత్రుడు చెవిలో పెట్టుకొని వినవచ్చును. బడిలో తమిళము, ఆంగ్లము చదువుతూ తెలుగు లిపి రాని మన పిల్లలు కూడా వినవచ్చును, విని లిపి నేర్పమని అడిగినా అడుగుతారు.

కొన్ని చిక్కులు ఉన్నవి. మొదటిది తెలుగు పుస్తకాల సంవత్సరము తేల్చుట. మన రచనలు అనేకము ముందు పత్రికలలో వచ్చి, ఏండ్ల తరువాత పుస్తకములైనవి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గేతాలు ముప్పదులలో వ్రాసినవి, పుస్తకముగా వచ్చినది 1950లో. ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మరొక రూపు ధరించినది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ మన 1936 ప్రాంతపు తెలంగాణమును చూపుతుంది, వెలువడినది 1955లో. ఈ లెక్కలో కఠినముగా ఉండి తెలుగు పాఠకుని ఇంటికి పంపివేయడము మాకు సమ్మతము కాదు. ఆ యేడు వ్రాసినదైనా సరే, పత్రికలో వచ్చినదైనా సరే. అయితే తెచ్చినవారు ఏ లెక్కన తెచ్చినారో ఒక మాట చెప్పవలెను, లేనిచో మనము సంవత్సరాన్ని చదువుతున్నట్లు కాదు.

రెండవది హక్కుల విషయము. మన దేశములో రచయిత మరణించిన తరువాత అరువది సంవత్సరముల వరకు గ్రంథస్వామ్యము ఉంటుంది. ప్రేమ్‌చంద్ 1936 అక్టోబరు 8ననే మరణించినారు, అంబేద్కర్ 1956లో, నెహ్రూ 1964లో. వారి మూలరచనలు ఇప్పుడు అందరివీ. ముల్క్ రాజ్ ఆనంద్ 2004 వరకు జీవించినారు, ఆ పుస్తకము కొనవలెను, లేదా గ్రంథాలయము నుండి తేవలెను. అనువాదకునికి వేరే హక్కు ఉంటుందన్నది మరువరాదు, అతడూ శ్రమజీవియే. ఎవరో పంపిన దొంగ ప్రతిని వందమందికి పంపే పని మన పేరుతో జరుగకూడదు.

ఇక వేళ. ఇది అన్నిటికంటె కష్టమైనది, సంఘమునకు నేరుగా సంబంధించినది. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, తక్కిన ఎనిమిది గంటలు మనవి అన్నది పాత నినాదము. ఆ మూడవ భాగము నుండియే చదువు గంట రావలెను. సవనా మిల్లు వద్ద పడిన పన్నెండు మంది మనకు సంపాదించి ఇచ్చినది ఆ గంటయే. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనికి దారి తీసే బిల్లు ఆమోదించగా, కార్మిక సంఘాలన్నీ ఎదిరించిన మీదట మే దినము నాడు ఉపసంహరణ ప్రకటన వచ్చినది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము రోజువారీ గరిష్ఠ పనిని తొమ్మిది నుండి పది గంటలకు పెంచుటకు ఆమోదము తెలిపినది. కాంట్రాక్టు సెక్యూరిటీ పనిలో పన్నెండు గంటలు నేడే నడుస్తున్నదని ఇక్కడ కూర్చొన్నవారిలో కొందరు చేతులెత్తి చెప్పగలరు. పన్నెండు గంటలు నిలబడిన మనిషిని ఇంటికి పోయి ‘గోదానం’ చదువుమనుట పరిహాసము. జీతాల సమస్య ఉండగా పుస్తకాలెందుకని అడిగిన మిత్రులకు మా సమాధానము ఇదే: చదవగలిగే వేళ మనకు ఉన్నదా లేదా అని లెక్క చూచుకొన్ననాడు మన పనిగంటల డిమాండు ఎంత అవసరమో మనకే తెలిసివస్తుంది. ఎవరెవరు చదవలేకపోయినారో, ఏ కారణము చేతనో ఆ వారము చివర వ్రాసిపెడదాము. ఆ కాగితము కూడా 1936తో పాటు చదవవలసినదే.

స్త్రీల విషయములో ఈ లెక్క ఇంకా కఠినముగా ఉన్నది. పనిచోట ఎనిమిది గంటలు ముగిసిన తరువాత ఇంటిలో రెండవ షిఫ్టు మొదలవుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు సమావేశమని మగవారు నిర్ణయించినచో, ఆ వేళకు పొయ్యి దగ్గర ఎవరుంటారో అడుగనవసరము లేదు. కావున వేళను మన అక్కచెల్లెళ్ళే నిర్ణయింతురు. వారు చెప్పిన గంటకు మగవారు వంట ముగించి సిద్ధముగా ఉండవలెను. నవ్వకండి, ఇది తీర్మానముగా పెట్టబోతున్నాము.

ఈ వారము సాగినచో మరుసటి యేడు 1954ను తీసుకొనవచ్చును. యానాం మిత్రులకు అది వారి సంవత్సరము. నాటి వారి అనుభవాలు వారే తెస్తారు. ఆ ఏడు వచ్చిన కమలా మార్కండేయ ఆంగ్ల నవలలో పల్లెకు తోళ్ళ కర్మాగారము వచ్చి ఒక రైతు కుటుంబాన్ని ఎట్లు చెదరగొట్టినదో, అందులో పనిచేసిన కొడుకులు సమ్మె చేసి చివరకు సింహళపు తేయాకు తోటలకు వలసపోవలసి వచ్చినదో ఉన్నది. అది తరువాతి మాట.

ఇప్పుడు కావలసినవి ఇవి. ‘గోదానం’ ప్రతులు మూడు మా వద్ద ఉన్నవి, చేతులు మార్చుకొందాము. ‘కులనిర్మూలన’ బిగ్గరగా చదివేందుకు స్పష్టమైన గొంతు గలవారు ఇద్దరు కావలెను. రోజుకు అరగంట మించనీయము. ఉచితముగా దొరికే ఫోను సమావేశము నలభై నిమిషాలకు తెగిపోతుంది గనుక ఆ నియమము దానంతటదే అమలగును. రాత్రి షిఫ్టు వారికి మధ్యాహ్నము వేరొక వేళ ఉండవలెనా అన్నది తేలలేదు. ముందుగా అక్కచెల్లెళ్ళు వేళ చెప్పవలెను, తరువాత మిగిలినవారు పేర్లు ఇవ్వవలెను. కాగితము వెనుక వరుస నుండి తిరుగుతున్నది.